రెడాక్స్ ఎక్స్‌పెరిమెంట్ కిట్: మల్టీమీటర్‌కి దండం, బుక్‌లెట్‌కి చీవాట్లు

మా అమ్మాయి ఆక్సీకరణం క్షయకరణం చాప్టర్ దగ్గర ఆగిపోయింది, నేనేమో "ఓస్ ఇంతేనా, ఎలక్ట్రాన్లు పోతే ఆక్సీకరణం, వస్తే క్షయకరణం" అని గొప్పగా చెప్పేశా. వెంటనే అడిగింది, "క్షయం అంటే తరిగిపోవడం కదా నాన్నా, ఎలక్ట్రాన్లు వచ్చి చేరుతుంటే తరిగింది అంటారేంటి?" నా దగ్గర సమాధానం లేదు. అలా తెప్పించిన కిట్ ఇది, రెడాక్స్ అంటే ఈ ఆక్సీకరణం, క్షయకరణం రెండూ కలిపి అన్నమాట.

లోపల జింక్, కాపర్ స్ట్రిప్‌లు ఒక్కొక్కటి, కాపర్ సల్ఫేట్, జింక్ సల్ఫేట్, పొటాషియం పర్మాంగనేట్, విటమిన్ సి పొడి, హైడ్రోజన్ పెరాక్సైడ్, వోల్టులు కొలిచే చిన్న మల్టీమీటర్, రెండు బీకర్లు, గ్లౌజులు, కళ్ళజోడు, బుక్‌లెట్. ప్యాకింగ్ బాగుంది, ఏదీ ఒలకలేదు.

మొదటిది అందరికీ తెలిసిందే, నీలం కాపర్ సల్ఫేట్‌లో జింక్ ముంచడం. బుక్‌లెట్‌లో ఫొటో చూస్తే మిలమిల మెరిసే రాగి పూత, మాకేమో నల్లటి మసిలాంటిది పట్టింది. పాడైపోయిందనుకున్నాం, కానీ రాగి మరీ సన్నటి పొడిగా పేరుకుంటే మొదట అలా నల్లగానే కనిపిస్తుంది, కాసేపాగితే ఎర్రమట్టి రంగు తేలింది, కొన్ని గంటలకి నీలం కూడా పలచబడింది. ఇక్కడే అమ్మాయి ప్రశ్నకి జవాబు దొరికింది. ఎలక్ట్రాన్ అంటే మైనస్ ఛార్జ్ కదా, రెండు మైనస్‌లు వచ్చి చేరితే కాపర్ ప్లస్ రెండు నుంచి సున్నాకి దిగుతుంది, అంటే క్షీణించింది ఎలక్ట్రాన్లు కాదు, ఆక్సీకరణ సంఖ్య, అదే ఈ ప్లస్ రెండు, సున్నా లాంటి ఛార్జ్ లెక్క. జింక్ సున్నా నుంచి ప్లస్ రెండుకి ఎక్కింది. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు కూడా.

అసలు డబ్బులు వసూలైంది మాత్రం రెండో ప్రయోగంలో. రియాక్షన్ అదే, కాకపోతే జింక్‌ని జింక్ సల్ఫేట్‌లో ఒక బీకర్‌లో, కాపర్‌ని కాపర్ సల్ఫేట్‌లో ఇంకో బీకర్‌లో పెట్టి, ఉప్పునీళ్ళలో తడిపిన ఫిల్టర్ పేపర్‌ని మధ్యలో వంతెనలా వెయ్యాలి. 1836లో డేనియల్ అనే ఆయన చేసిన సెల్‌కి ఇది చిన్న తమ్ముడు. జింక్‌కి కాపర్ సల్ఫేట్ నేరుగా తగలట్లేదు కాబట్టి ఎలక్ట్రాన్లకి వైరు తప్ప వేరే దారి లేదు, అంటే పుస్తకంలో బాణం గుర్తు వేసి చూపించే ఇచ్చిపుచ్చుకోడం ఇక్కడ మీటర్ మీద అంకెగా కనిపిస్తుంది. మాకు మైనస్ 1.06 వోల్టులు చూపించింది, నేను మీటర్ పోయిందని తిట్టుకుంటుంటే అమ్మాయి ఎర్ర వైరు జింక్‌కి పెట్టానని పట్టుకుంది, మార్చగానే ప్లస్ అయింది. ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఆ గుర్తే చెప్తోందన్నమాట. పుస్తకం లెక్క 1.10 వోల్టులు, జింక్‌ది మైనస్ 0.76, కాపర్‌ది ప్లస్ 0.34, ఈ రెండిటి మధ్య తేడా అది, ఇంట్లో చేసినదానికి 1.06 అంటే చాలా దగ్గరే. పేపర్ తీసేస్తే రీడింగ్ పడిపోయింది, మళ్ళీ వేస్తే వచ్చింది, అమ్మాయి ఓ ఇరవై సార్లు తీసీ వేసీ ఆడుకుంది.

పర్మాంగనేట్ దగ్గర బుక్‌లెట్ దెబ్బకొట్టింది. విటమిన్ సి వేస్తే ఊదా రంగు పోయి నీళ్ళలా అవుతుందని రాశాడు, మాకు డికాషన్ రంగు వచ్చింది. ఆమ్లం సరిపోకపోతే మాంగనీస్ ప్లస్ ఏడు నుంచి ప్లస్ రెండుదాకా దిగదు, ప్లస్ నాలుగు దగ్గరే ఆగి గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్‌గా మిగుల్తుంది, అంటే ఐదు ఎలక్ట్రాన్లు తీసుకోవాల్సింది మూడు తీసుకుని కూర్చుందన్నమాట. విటమిన్ సి కూడా ఆమ్లమే కదా, అది ఇంకొంచెం ఎక్కువ వేస్తే తేటపడింది. ఆ ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

బుక్‌లెట్‌లో తప్పులు కూడా ఉన్నాయండీ. ఆక్సిజన్ ఆక్సీకరణ సంఖ్య ఎప్పుడూ మైనస్ రెండే అని రాసి, అదే డబ్బాలో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా పెట్టాడు, అందులో ఆక్సిజన్ మైనస్ ఒకటి! అల్యూమినియం-కాపర్ సమీకరణంలో పరమాణువులు సమానం చేశాడు, ఛార్జ్‌లు వదిలేశాడు, రెండు అల్యూమినియంలు కలిసి ఆరు ఎలక్ట్రాన్లు ఇస్తే అవి మూడు కాపర్ అయాన్లకి సరిపోవాలి కదా. ఇంక ఆక్సీకరణి అంటే "ఆక్సీకరణం చెందేది" అట, అది పూర్తిగా రివర్సు. ఆక్సీకరణి ఎదుటిదాన్ని ఆక్సీకరణం చేస్తుంది, తను క్షయకరణం చెందుతుంది, పిల్లలు పరీక్షలో తడబడేదే అక్కడ.

జాగ్రత్త ఒకటి. కాపర్ సల్ఫేట్ విషం, నీళ్ళలో బతికే జీవులకి మరీను, వాడేశాక సింక్‌లోనో మొక్కల్లోనో పొయ్యకండి, బుక్‌లెట్ దీని గురించి ఒక్క మాట చెప్పదు. పర్మాంగనేట్ చేతికి అంటితే గోధుమ మచ్చ రోజుల తరబడి పోదు, నాది ఇంకా ఉంది, గ్లౌజులు పిల్లల సైజు మరి.

తొమ్మిది, పది క్లాసుల పిల్లలకి పక్కన పెద్దవాళ్ళు కూర్చునేట్టయితే తీసుకోవచ్చు, బుక్‌లెట్ పక్కన పడేసి స్కూల్ పుస్తకం ముందు పెట్టుకోండి. మూడున్నర స్టార్లు. మొదటి ప్రయోగంలోనే జింక్ స్ట్రిప్ మీద రాగి పేరుకుపోతుంది, రెండోదానికి దాన్నే గీకి గీకి వాడాల్సొచ్చింది, ఇంకోటి పెట్టుంటే నాలుగు ఇచ్చేవాణ్ణి.