ది కంజ్యూరింగ్: బ్యాంకు వేలంలో కొన్న ఇల్లు

'ది కంజ్యూరింగ్' అనే ఇంగ్లీషు దెయ్యం సినిమాలో నా చెవులు నిక్కబొడుచుకున్న చోటు దెయ్యం కనపడ్డ చోటు కాదు. ఇంటాయన రోజర్‌ని "మీకంటే ముందు ఈ ఇల్లు ఎవరిది?" అని అడుగుతారు. తెలియదంటాడు. బ్యాంకు వేలంలో కొన్నామంటాడు. ఇంకేముంది, నాకు కథ మొత్తం అర్థమైపోయింది.

నేను తెనాలిలో దస్తావేజులు రాసుకునే మనిషిని. వేలంలో ఇల్లు పాడుకున్నవాళ్ళు నా బల్ల దగ్గరికి వస్తూనే ఉంటారు. "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని నోటీసులో ఉంటుంది, ఎవరూ చదవరు. రేటు తక్కువని ఎగబడతారు కానీ ఎందుకు తక్కువో అడగరు. రోజర్ కూడా ఆ బాపతే. పాపం లారీ డ్రైవరు, ఐదుగురు ఆడపిల్లల తండ్రి. ఉన్నదంతా ఊడ్చి ఆ కొంప మీద పెట్టాడు.

పండక్కి వచ్చిన మా అమ్మాయి బలవంతం మీద ఇంట్లో అందరం కూర్చుని చూశాం. 2013లో వచ్చిన సినిమా, జేమ్స్ వాన్ తీశాడు. కథ జరిగేది 1971లో, అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో హారిస్‌విల్ అనే ఊళ్ళో. రోజర్ వాళ్ళ పెరాన్ కుటుంబం ఆ ఇంట్లో దిగడంతో అసలు కథ మొదలవుతుంది. అంతకుముందు అనబెల్ అనే బొమ్మ గురించి ఒక ముక్క ఉంది. అది బాగానే ఉంది కానీ ఈ ఇంటికి సంబంధించింది కాదు, తర్వాత ఇంకో సినిమా తీసుకోవడానికి ముందే పాతిన రాయి.

సామాను దింపే రోజు చూడండి. పిల్లలు గదుల కోసం గొడవపడుతూ పైకీ కిందికీ తిరుగుతుంటే కెమెరా కూడా వాళ్ళ వెనకాలే పోతుంది, చాలాసేపు కట్ పడదు. మెట్లు ఎక్కడ, వంటిల్లు ఎటు, పైన ఎవరి గది ఎవరి పక్కన అన్నది మనకు తెలియకుండానే బుర్రలోకి ఎక్కేస్తుంది. దస్తావేజులో తూర్పున ఎవరి స్థలం, పడమర ఏ వీధి అని హద్దులు రాసుకున్నట్టు ముందే ఇల్లు రాసి పెట్టేశాడు దర్శకుడు. ఆ తర్వాత చీకట్లో ఎవరు ఎటు పరిగెత్తినా మనం దారి తప్పం. దెయ్యం సినిమాల్లో చాలావాటికి ఈ ఓపిక ఉండదు. ఏ తలుపు ఎక్కడికి దారితీస్తుందో తెలియనప్పుడు అది కిర్రుమంటే మనకేంటి, కిర్రుమనకపోతే మనకేంటి?

కుక్క మాత్రం గుమ్మం తొక్కదు. "కుక్క రానన్న ఇంట్లోకి మనుషులు పోతారా ఎక్కడైనా? పాలు పొంగించారా, ఏమన్నా చేశారా?" అని మా ఆవిడ అప్పుడే మొదలుపెట్టింది. తెల్లారేసరికి కుక్క చచ్చిపడి ఉంటుంది. ఇంట్లో గడియారాలన్నీ మూడు గంటల ఏడు నిమిషాలకి ఆగిపోతాయి. తల్లి కారోలిన్ ఒంటి మీద ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చలు. ఒక పిల్ల నిద్దట్లో నడిచొచ్చి పాత బీరువాకి తల కొట్టుకుంటుంటుంది. రాత్రిపూట కుళ్ళిన కంపు ఒకటి. ఇవన్నీ ఒక్కసారిగా మీద పడెయ్యడు. ఆ ఇంట్లోవాళ్ళు కూడా మనలాగే ప్రతిదానికీ ఏదో ఒక కారణం చెప్పుకుంటూ సర్దుకుపోతుంటారు. పాత ఇల్లు కదా, చలి కదా, కొత్త చోటు కదా. డబ్బు పోసి కొన్నాక మనిషి ఇంటి తప్పులకి తనే వకీలు అవుతాడు. నా బల్ల దగ్గర రోజూ చూసేదే ఇది.

ఇక తలుపు వెనక సీను. సినిమా మొత్తంలో నాకు నచ్చింది ఏదంటే ఇదే చెప్తాను. రాత్రి క్రిస్టీన్ అనే పిల్ల కాలుని ఎవరో లాగుతారు. పక్క మంచం మీద అక్క ఆటపట్టిస్తోందనుకుంటుంది. మళ్ళీ లాగుతారు. లేచి మంచం కిందికి వంగి చూస్తుంది. మనం కూడా తలకిందులుగా ఆ పిల్లతో పాటే చూస్తాం. ఏమీ ఉండదు. అప్పుడు తలుపు వైపు చూసి బిగుసుకుపోతుంది. అక్కడ ఎవరో నిలబడి ఉన్నారంటుంది. మనకు కనపడేదల్లా తలుపుకీ గోడకీ మధ్య ఉన్న చీకటి. కెమెరా ఆ చీకటిని చూస్తూ ఉంటుంది, మనం కళ్ళు చికిలించి అందులో ఏదన్నా ఆకారం ఉందేమోనని వెతుకుతుంటాం. అక్క లేచి వెళ్ళి ఆ తలుపు వెనకే నిలబడి "ఇక్కడ ఎవరూ లేరే" అంటుంది. "నీ వెనకే ఉంది" అంటుంది ఈ పిల్ల వణుకుతూ. ముసుగేసుకున్న మొహం లేదు, రక్తం లేదు. ఆ పిల్ల మొహం చూసి మనం నమ్మేస్తాం. క్రిస్టీన్‌గా వేసిన జోయీ కింగ్‌కి అప్పటికి పన్నెండు పదమూడేళ్ళు ఉంటాయేమో, పెద్ద పెద్ద నటుల్ని తినేసింది. మా అమ్మాయి ఈ సినిమా అంతకుముందే చూసి కూడా దుప్పటి కళ్ళ దాకా లాక్కుంది.

చప్పట్ల ఆట సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. మన దాగుడుమూతల్లాంటిదే. కళ్ళకి గంతలు కట్టుకున్నవాళ్ళు చప్పట్లు కొట్టమని అడుగుతారు, దాక్కున్నవాళ్ళు కొట్టాలి. తల్లి గంతలతో వెతుకుతుంటే బీరువాలోంచి రెండు చేతులు బయటికొచ్చి చప్పట్లు కొడతాయి. పిల్లలేమో ఇంకెక్కడో ఉంటారు. అదే ఆటని మళ్ళీ నేలమాళిగలో వాడతాడు. లైటు పోయింది, చేతిలో అగ్గిపుల్ల ఒక్కటే, కారోలిన్ మెట్ల మీద కూర్చుంది. తన చెవి పక్కన చప్పట్లు. మా ఇంట్లో స్పీకర్లు మామూలువే, అయినా మా ఆవిడ చేతిలో టీ గ్లాసు సగం ఒలికింది. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇళ్ళల్లో నేలమాళిగలంటే ఏంటో తెలియదు. ఇక్కడ తవ్వితే నీళ్ళే వస్తాయి. మనకి అటక ఉంది, దాని మీద పాత ఇత్తడి గుండిగలు తప్ప దెయ్యాలుండవు. అందుకే కాబోలు, ఆ మెట్లు కిందికి దిగేకొద్దీ మనకి ఇంకా కొత్తగా ఉంటుంది.

తల్లిగా వేసిన లిలీ టేలర్ గురించి ఒక మాట. మొదటి సగంలో ఆవిడ అసలు నటిస్తున్నట్టే ఉండదు. సామాన్లు సర్దుతూ, పిల్లల్ని కసురుతూ, మొగుడు వారం రోజులు లారీ మీద పోతుంటే మొహంలో దిగులు దాచుకుంటూ తిరుగుతుంది. ఇల్లు గడవాలంటే ఆయన పోక తప్పదు. ఆయన ఊళ్ళో లేనప్పుడే ఇల్లు విరుచుకుపడుతుంది. కావాలని పెట్టిందే, కానీ పెట్టినట్టు కనపడదు.

ఇలాంటి సినిమా చూసేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఉంటుంది: ఖాళీ చేసి పోవచ్చుగా? ఈ సినిమా దానికి రెండు జవాబులిస్తుంది. ఒకటి రోజర్ జవాబు. డబ్బంతా ఇక్కడే పెట్టాం, ఏడుగురిని ఎవరు ఉంచుకుంటారు? నాకు ఈ జవాబు చాలు. ఇంతకన్నా నిజమైన భయం ఇంకేం కావాలి? రెండోది దెయ్యాల నిపుణులుగా వచ్చే వారెన్ దంపతులది. చెప్పుకి అంటుకున్న బబుల్‌గమ్ లాగా అది మీతోనే వస్తుంది, ఇల్లు మారి లాభం లేదంటారు. ఇది దర్శకుడి సౌకర్యం కోసం పెట్టిన జవాబు అని నా అనుమానం.

వారెన్ దంపతులు వచ్చాక నా ఉత్సాహం రెండింతలైంది, ఎందుకంటే వాళ్ళు చేసే మొదటి పని ఆ ఆస్తి పూర్వాపరాలు లాగడం. మనవాళ్ళు రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి మీద పాత లావాదేవీల కాగితం, తీయిస్తారే, అలాంటి పనే. ఎప్పుడో 1863లో ఆ భూమి బత్‌షీబా అనే ఆవిడది. వారం రోజుల బిడ్డని బలిచ్చి, తన భూమి మీదికి వచ్చినవాళ్ళందర్నీ శపించి, చెట్టుకి ఉరేసుకుంది. ఆ రెండు వందల ఎకరాలూ తర్వాత ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. ఏ ముక్కలో ఎవరున్నా ఏదో ఒక చావు. అంటే దెయ్యానికి ఈ కుటుంబం మీద పగేమీ లేదు, భూమి తనది అంతే! పాత హక్కుదారు ఒప్పుకోని భూమి ఎన్ని చేతులు మారినా తగాదా తీరదని నాకు వేరే చెప్పక్కర్లేదు. "ఏమండీ, మీ ఈసీలో ఇవన్నీ తెలుస్తాయా?" అని మా ఆవిడ అడిగింది. ఎక్కడ తెలుస్తాయి? అమ్మకాలు, తనఖాలు తెలుస్తాయి. ఆ ఇంట్లో ఎవరెలా పోయారో, ఎవరికి అచ్చిరాలేదో ఏ రికార్డులోనూ ఉండదు. అది వీధి చివర కిరాణా కొట్టులో అడగాల్సిన సంగతి.

అన్నట్టు అమెరికాలో ఇది కోర్టుదాకా వెళ్ళింది కూడా. న్యూయార్క్ రాష్ట్రంలో ఒకావిడ తన ఇంట్లో దెయ్యాలున్నాయని పత్రికలకి చెప్పుకుని, కొన్నవాడికి మాత్రం చెప్పకుండా అమ్మింది. 1991లో అప్పీలు కోర్టు, చట్టం దృష్టిలో అది దెయ్యాల ఇల్లేనని చెప్పి కొన్నవాడు బేరం రద్దు చేసుకోవడానికి ఒప్పుకుంది. మన దగ్గర అలాంటి తీర్పొస్తే ఊళ్ళో సగం బ్రోకర్లు షాపు మూసుకోవాలి.

వెరా ఫార్మిగా, పాట్రిక్ విల్సన్ చేసిన వారెన్ పాత్రలు బాగున్నాయి, వాళ్ళిద్దరి మధ్య ఆప్యాయత నమ్మేలా ఉంది. ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరి ఒక్క క్షణం మనిషి ఆకారం చుట్టూ బిగుసుకుని, అక్కణ్ణుంచి పై కిటికీ దగ్గరికి పోయే షాట్ కూడా వాళ్ళొచ్చాకే వస్తుంది. అది గొప్ప షాట్. కానీ అక్కడి నుంచి కెమెరాలు, వైర్లు, గంటలు, ఒక పోలీసాయన, హడావిడి పెరిగిపోతుంది. చివరి భూతవైద్యం అరుపులే అరుపులు. కుర్చీ లేస్తుంది, పక్షులొచ్చి ఇంటికి కొట్టుకుంటాయి, లాటిన్ మంత్రాలు. తలుపు వెనక చీకటి చూపించి మనల్ని చంపిన దర్శకుడే ఇక్కడ అన్నీ వెలుతుర్లో పెట్టి చూపిస్తే భయం ఎక్కడుంటుంది? సముద్రపు ఒడ్డు జ్ఞాపకంతో తల్లిని వెనక్కి తెచ్చే సెంటిమెంటు మాత్రం మా ఆవిడకి పనిచేసింది. నాకూ కాస్త పనిచేసిందనుకోండి.

"నిజంగా జరిగిన కథ" అన్న బోర్డు మీద మాత్రం నాకు పేచీ ఉంది. పెరాన్ కుటుంబం నిజం, ఆ ఊళ్ళో వాళ్ళ ఇల్లు నిజం. కానీ సినిమాలో భూతవైద్యంతో అంతా సుఖాంతం. నిజంలో వాళ్ళు 1980 దాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. బత్‌షీబా అనే ఆవిడ కూడా నిజంగానే ఉండేది. ఆవిడ 1885లో ముసలితనంలో పోయింది, మంత్రగత్తె అనడానికి కాగితం ముక్క ఆధారం లేదు. చచ్చిపోయి వందేళ్ళు దాటిన మనిషి మీద అంత నింద వెయ్యడం నాకు నచ్చలేదు. ఆవిడ వారసులెవరన్నా ఉంటే ఏమనుకోవాలి? అనబెల్ బొమ్మ కూడా అసలైతే గుడ్డబొమ్మ, సినిమాలో చూపించినంత వికారంగా ఉండదు.

సినిమా తర్వాత ఆ ఇంటికి పట్టిన గతి ఇంకా విచిత్రం. జనం వేళాపాళా లేకుండా వచ్చి చొరబడుతున్నారని అప్పుడు ఆ ఇంట్లో ఉన్న దంపతులు 2015లో నిర్మాణ సంస్థ వార్నర్ బ్రదర్స్ మీద దావా వేశారు. 2019లో ఆ ఇల్లు నాలుగు లక్షల చిల్లర డాలర్లకి అమ్ముడుపోయింది. మళ్ళీ 2022లో అమ్మితే పదిహేను లక్షల డాలర్లు దాటింది. దెయ్యం ఉందని పేరొస్తే మన దగ్గర అద్దెకి కూడా ఎవరూ రారు, అక్కడ రేటు మూడింతలు! సినిమా సంగతీ అంతే, రెండు కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ముప్పై కోట్లు దాటి వసూలు చేసింది.

చూడాలా అంటే, తప్పకుండా చూడండి. ఐదుకి నాలుగు ఇస్తాను, చివరి అరగంటే లేకపోతే ఇంకా ఎక్కువిచ్చేవాణ్ణి. బూతులు లేవు, రక్తం పెద్దగా లేదు, అయినా చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి. అమెరికాలోనే దీనికి పెద్దవాళ్ళ రేటింగ్ ఇచ్చారు. ఫోనులో చూసేవాళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, చప్పట్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియకపోతే డబ్బులు దండగ. 2016లో వచ్చిన రెండో భాగం లండన్‌లో, కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్ళ అద్దె ఇంట్లో జరుగుతుంది. సొంతిల్లు కాదు కాబట్టి నా పని అక్కడ లేదు కానీ, నలుగురు పిల్లలతో ఒంటరి తల్లి ఇల్లు మార్చమని ఆఫీసు చుట్టూ తిరగలేక పడే అవస్థ మన ఊరి అద్దె కష్టాలకి మరీ దూరమేమీ కాదు.