లిఫ్ట్ వేయించే ముందు ఆ షాపులో బిల్లు బుక్కు మీద ఏముందో చూడండి

విజయనగరం బైపాస్ మీద ఉన్న ఆ షాపు గురించే. పేరు రాయను, మహీంద్రా థార్ జీపు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. బండిని రెండంగుళాలు ఎత్తు లేపే లిఫ్టు, పొడుగు షాకులు (షాక్ అబ్జార్బర్లు), పెద్ద టైర్లు, మొత్తం లక్షా పద్దెనిమిది వేలు. ఇంట్లో చెప్పింది అరవై. ఆ గొడవ వేరే.

మొన్న ఆదివారం తాటిపూడి వెనకాల మట్టి దారిలో చిన్న గండి. ఇరవై స్పీడు కూడా లేదు. వెనక ఎడమ చక్రం దిగి లేచేసరికి టంగుమని ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. కిందికి దూరి చూస్తే షాకు ఒంటి మీంచి ఆయిల్ కారుతోంది, టైరు లోపలి ప్లాస్టిక్‌ని గీరేసింది. బంప్ స్టాప్ రబ్బరు మీద మాత్రం పేరుకున్న దుమ్ము దుమ్ములాగే ఉంది. యాక్సిల్‌ని ఆపాల్సింది ఆ రబ్బరు. దానిదాకా రాకముందే షాకు పూర్తిగా మూసుకుపోయి, దెబ్బంతా అదే తినేసింది.

పొడుగు షాకు మూసుకున్నప్పుడు కూడా పాతదానికన్నా పొడుగ్గానే ఉంటుంది కదా. అందుకని మధ్యలో స్పేసర్ బిళ్ళ వేసి బంప్ స్టాప్‌ని ఆ మేరకు కిందికి దించాలి. ఈ జ్ఞానం నాకు ఆదివారం రాత్రి వచ్చింది, డబ్బు కట్టిన మూడు వారాలకి.

సోమవారం పొద్దున్నే షాపుకి వెళ్లాను. ఓనరు ఇడ్లీ తింటున్నాడు. తల ఎత్తలేదు.

"ఆఫ్ రోడ్ తిప్పారు కదండీ, వారంటీ రాదు."

ఆయన నెత్తి మీద బోర్డు: ఆఫ్ రోడ్ స్పెషలిస్టులు.

"మరి బంప్ స్టాప్ ఎందుకు దించలేదండీ?"

"ఏటండీ, అన్నీ మీకే తెలుసా? బండి ఎత్తు లేచిందా లేదా?"

అప్పుడు చూశాను. ఫ్యాను గాలికి ఎగరకుండా బిల్లు బుక్కు మీద బరువు పెట్టాడు. నల్లగా, గుండ్రంగా, మధ్యలో బోల్టు కన్నం. నా కిట్‌లో వచ్చిన స్పేసర్! డెలివరీ రోజు కూడా అది అక్కడే ఉంది. "ఇదేంటండీ" అని అడిగాను కూడా. "ఎక్స్‌ట్రా పీసు సార్" అంటే తలూపి, లక్షా పద్దెనిమిది వేల మీద ఇంకో ఐదొందలు కుర్రాళ్లకి టీ ఖర్చులిచ్చి వచ్చిన మహానుభావుణ్ణి నేను. దాన్ని చేతిలోకి తీసుకుంటే, ఇడ్లీ చేత్తోనే లాక్కుని మళ్లీ బుక్కు మీద పెట్టేశాడు. రెండోది ఎక్కడుందో దేవుడికెరుక.

కేసు వేద్దామని లాయరు బావమరిదిని అడిగితే వాడు నవ్వాడు. కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ముందు నీ ఆర్సీ సంగతి చూసుకో బావా అన్నాడు.

వేయించుకునేవాళ్లుంటే ఒక్కటి చేయండి. వెనక స్ప్రింగులు తీయించి, టైర్లు ఉంచి, జాకీతో యాక్సిల్‌ని చివరిదాకా లేపించండి, తర్వాత ఒక్క వైపే లేపించండి. రబ్బరు పూర్తిగా నలిగాక కూడా షాకు రాడ్ కొంచెం మిగలాలి, టైరు ఎక్కడా తగలకూడదు. టైము లేదంటే తాళాలు తీసుకుని వచ్చేయండి. పాత సామాను కూడా అడిగి తెచ్చుకోండి. నా పాత షాకులైనా ఇమ్మంటే, "అవి తూకానికి వేసేశాం కదండీ" అన్నాడు.