పుత్లీబౌలీ థ్రాటిల్ లాక్‌తో గండికోట ప్రయాణం: 1,650 వదిలింది, చెయ్యి నొప్పి వదల్లేదు

హైదరాబాద్ పుత్లీబౌలీలో బైక్ యాక్సెసరీస్ అమ్మే ఒక షాపులో థ్రాటిల్ లాక్‌కి (యాక్సిలరేటర్‌ని తిప్పిన చోటే ఆపి ఉంచే రింగు) 1,350, ఫిట్టింగ్‌కి 300, మొత్తం 1,650 రూపాయలు కట్టాను. అది జడ్చర్ల దాకా కూడా ఆగలేదు. మాతో వచ్చిన ఆఫీసు సార్ మాత్రం తన మీటియర్ బైకుకి 180 రూపాయల ప్లాస్టిక్ ముక్క తగిలించుకుని, గండికోట వెళ్లి, హాయిగా తిరిగొచ్చారు. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నాను. వచ్చే నెలలో ఎవరైనా లాంగ్ రైడ్‌కి ముందు కోఠి వైపు వెళ్లే ఆలోచనలో ఉంటే చదివి వెళ్లండి.

హైవే మీద బండి నడిపేవాళ్లకి కుడిచేతి సంగతి చెప్పక్కర్లేదు. యాక్సిలరేటర్ లోపల స్ప్రింగ్ ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. 80 దగ్గర గంటసేపు పట్టుకుంటే ఆ స్ప్రింగ్‌తో గంటసేపు కుస్తీ పట్టినట్టే. దానికి సింగిల్ సిలిండర్ వణుకు తోడైతే ముందు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తర్వాత మణికట్టు, సాయంత్రానికి మోచేయి. నాది హిమాలయన్ 411, కేబుల్ థ్రాటిల్. ఔటర్ రింగ్ రోడ్డు మీదకి బైకుల్ని రానివ్వరు కాబట్టి మన ఊళ్లో ఇలాంటివి పరీక్షించి చూడాలంటే ఆరాంఘర్, శంషాబాద్ ట్రాఫిక్ అంతా ఈది, షాద్‌నగర్ దాటాక 44వ నంబర్ హైవే మీదే.

షాపువాళ్లు థ్రాటిల్ లాక్‌ని కూడా క్రూయిజ్ కంట్రోల్ అనే అమ్ముతున్నారు. రెంటికీ పోలికే లేదు. లాక్ యాక్సిలరేటర్‌ని తిప్పిన చోట ఆపుతుంది, అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తుంది, దిగేటప్పుడు పరిగెడుతుంది, బ్రేక్ కొట్టినా అది వదలదు. అసలైన క్రూయిజ్‌లో ఎంత వేగం పెడితే అంత వేగం బండే చూసుకుంటుంది, బ్రేకో క్లచ్చో తాకగానే తప్పుకుంటుంది. ఇప్పటి బళ్లలో దానికి కేబుల్ బదులు ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటుంది. ఒకప్పుడు లక్షలు పోసి కొనే బళ్లకే ఉండేది. 2025లో హీరో వాళ్లు గ్లామర్ ఎక్స్ అని 125 సీసీ బండికే పెట్టేశారు. మా బావమరిది అపాచీ ఆర్‌టీఆర్ 310కి కంపెనీ నుంచే వచ్చింది. ఆ సంగతి వాడు దారంతా గుర్తుచేస్తూనే ఉన్నాడు.

ఇక షాపు. పేరు రాయను. నేను అడిగింది స్విచ్ డబ్బాకీ గ్రిప్‌కీ మధ్య సందులో బిగించే మెటల్ రింగు. దీని ఒరిజినల్ అమెరికా వాళ్ల అట్లాస్, దాదాపు 150 డాలర్లు. బొటనవేలితో ఒక మీట నొక్కితే పట్టుకుంటుంది, ఇంకోటి నొక్కితే వదులుతుంది, పట్టుకున్నా చేత్తో బలంగా తిప్పితే తిరుగుతుంది. దక్షిణాఫ్రికా వాళ్ల కావోకో ఇంకో రకం, హ్యాండిల్ చివరి బరువు దగ్గర స్క్రూలా తిప్పి బిగిస్తే ఆ రాపిడికి యాక్సిలరేటర్ ఆగుతుంది. రెండూ మంచివే, రెండూ మనకి ఖరీదే. షాపాయన "సేమ్ టు సేమ్ మాల్ అన్నా, ఒరిజినల్ కీ బాప్" అని ఒక పేరులేని డబ్బా తీశాడు. చెప్పింది 1,800. బేరమాడితే 1,350కి వచ్చింది.

ఫిట్టింగ్ కుర్రాడికి పదిహేడేళ్లు ఉంటాయేమో. సందు చాలట్లేదని బ్లేడు తీసి నా గ్రిప్ అంచు కోసేశాడు. అడగలేదు, కోశాడు. ఆ రింగు స్క్రూలకి థ్రెడ్ లాక్ జిగురు వెయ్యి భయ్యా, లేకపోతే వైబ్రేషన్‌కి వదులవుతాయి అంటే, వాడు ఓనర్ మొహం చూశాడు. ఓనర్ నవ్వి, "అవన్నీ ఎందుకన్నా, టైట్ చేసినాం గదా, టెన్షన్ మత్ లో" అన్నాడు. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ టక్కున వెనక్కి వచ్చింది. ఎడమకి పూర్తిగా తిప్పి చూపించమన్నాను. అప్పుడూ వచ్చింది. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్‌టీ పడుద్ది" అన్నాడు. ఫోన్‌పే చేసి వచ్చేశాను.

తెల్లవారుజామున బయల్దేరాం. రాయికల్ టోల్‌గేట్ పక్కసందులోంచి దాటి (బైకులకి టోల్ లేదు) లాక్ నొక్కాను. నిజం చెప్పాలంటే మొదట్లో స్వర్గం. చెయ్యి తీసి దులుపుకున్నాను, విజర్ సర్దుకున్నాను. బావమరిది పక్కకొచ్చి బొటనవేలు చూపించాడు. తర్వాత దారిలో ముందొక ట్రాక్టర్ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చింది. లాక్ వదిలాను, యాక్సిలరేటర్ వదిలాను. ఇంజన్ మాత్రం వదల్లేదు. అదే రేజ్‌లో అరుస్తోంది. క్లచ్ పట్టి, ఇంజన్ ఆపే కిల్ స్విచ్ కొట్టి, బండి ఎడమకి లాగాను. ట్రాక్టరాయన నన్నే తిట్టుకుంటూ పోయాడు.

చూస్తే ఏముంది, స్క్రూ వదులై రింగు పక్కకి జరిగి స్విచ్ డబ్బాకి ఒరుసుకుంటోంది. అంటే లాక్ నొక్కకపోయినా లాకే. థ్రెడ్ లాక్ జిగురు చుక్క ఖరీదు ఎంతుంటుంది? సార్ దిగి నీళ్ల బాటిల్ ఇచ్చారు. బావమరిది మాత్రం "బావా, నేను ముందే చెప్పిన, ఆ డబ్బులు నా బండి డౌన్ పేమెంట్‌లో కలిపితే..." అని మొదలుపెట్టాడు. వాడి డౌన్ పేమెంట్‌లో నేను నా డబ్బులెందుకు కలపాలో నాకర్థం కాలేదు. జడ్చర్ల దాకా మాట్లాడుకోలేదు.

జడ్చర్ల క్రాస్ రోడ్డు దగ్గర చెట్టు కింద ఒక మెకానిక్. పెద్దాయన. రింగు చూసి, "ఎవలు పెట్టిర్రు సార్ దీన్ని? గ్రిప్పు గూడ కోసిర్రు" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. ఊడదీసి, కేబుల్ లూజ్ సరిచేసి, హ్యాండిల్ రెండువైపులా తిప్పి ఇంజన్ రేజ్ మారట్లేదని చూసుకుని 50 రూపాయలు తీసుకున్నాడు. పైగా డబ్బాలోంచి నల్ల రబ్బరు రింగు ఒకటి తీసి హ్యాండిల్ చివరి బరువు మీదకి ఎక్కించాడు. కావాలన్నప్పుడు దాన్ని వేలితో దొర్లించి గ్రిప్‌కీ బరువుకీ మధ్య సందులోకి తోస్తే ఆ రాపిడికి యాక్సిలరేటర్ ఆగుతుంది. వద్దనుకుంటే వెనక్కి దొర్లించడమే. దానికి డబ్బులు తీసుకోలేదు. పాత ఇంగ్లిష్ బళ్లలో ట్విస్ట్ గ్రిప్ కిందే ఈ పనికి చిన్న స్క్రూ ఉండేదని, అది తిప్పుకుని చేతులు కట్టుకు పోయేవాళ్లని కూడా చెప్పాడు. చాయ్ మేమే ఇప్పించాం.

ఆ రబ్బరు రింగు బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాకా బాగానే పనిచేసింది. గట్టిగా పట్టుకోదు. కాసేపటికి స్ప్రింగ్ దాన్ని ఓడించి వేగం మెల్లగా 80 నుంచి 70కి దిగుతుంది. నా దృష్టిలో అదే దాని మంచితనం. చెయ్యి దులుపుకోవడానికి అర నిమిషం చాలు, అంతకుమించి ఎవరికి కావాలి? ఎండ ముదిరాక రబ్బరు మెత్తబడి పట్టు తగ్గింది. హార్డ్‌వేర్ షాపులో పది రూపాయలకి రెండు దొరుకుతాయి, రెండోది జేబులో ఉంచుకోండి.

బావమరిది క్రూయిజ్ సంగతి కూడా చెప్పాలి, కోపం పక్కనపెట్టి. పనితనంలో దానికి వంక పెట్టలేం. వాడు 85 దగ్గర పెడితే ఎత్తులోనూ పల్లంలోనూ మీటర్లో అంకె కదల్లేదు. కానీ గుంపులో వెళ్లేటప్పుడు అదో తలనొప్పి. వాడి బండి ఎత్తులోనూ 85, మావి అక్కడ 75. వాడు ముందుకెళ్లి, ధాబా దగ్గర ఆగి, మేం వచ్చేసరికి రెండో చాయ్ తాగుతూ "నిద్రొస్తోంది బావా" అనేవాడు. చేతికి పని లేకపోతే నిద్రొస్తుందని కంపెనీ వాళ్లు బ్రోషర్‌లో రాయరు. పైగా మన హైవే మీద డివైడర్ సందుల్లోంచి మేకలు, మనుషులు, మోపెడ్లు ఏ క్షణమైనా వస్తాయి. బ్రేక్ లీవర్ మీద రెండు వేళ్లు ఉండాల్సిందే.

కర్నూలులో బస్టాండు దగ్గరి లాడ్జి. రూముకి 1,200, గీజర్ ఉందన్నారు, ఉంది, కరెంటు కనెక్షన్ లేదు. రాత్రి వాచ్‌మన్ బండికి 50 అడిగాడు. పార్కింగ్ ఫ్రీ అని గోడ మీద రాసుందని చూపిస్తే "అది కార్లకి" అన్నాడు. సార్ మాట్లాడకుండా 150 ఇచ్చేశారు, ఆయనకి బీపీ ఉంది. ఆ చిరాకంతా పొద్దున్న ఉగ్గాని తినగానే పోయింది. నానబెట్టి పిండిన బొరుగుల్లో పుట్నాల పొడి, ఉల్లిపాయ, నిమ్మరసం, పక్కన నిప్పుల్లాంటి మిరపకాయ బజ్జీలు, ప్లేటు 40. బండాయన "ఏం నా, ఇంకో ప్లేటు ఏయమంటావా" అంటే బావమరిది నా వైపు కూడా చూడకుండా ఇద్దరికీ చెప్పేశాడు. అప్పట్నుంచి మళ్లీ మాటలు కలిశాయి.

బనగానపల్లె మీదుగా బెలూం గుహలు, అక్కణ్నుంచి గండికోట. అన్నీ బాగున్నాయి, అందరూ రాసేశారు. బెలూంలో లోపల ఉక్కగా ఉంటుంది, రైడింగ్ జాకెట్ బండికే కట్టేసి వెళ్లండి. బైకు సంగతికొస్తే ఈ దారిలో లాక్, క్రూయిజ్ రెండూ దండగే. నాపరాళ్ల లారీలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, వాటికి రంగు ఉండదు. వాడి 310 కూడా ఇక్కడ మామూలు బండే. ఆ మాట వాడితో అన్నాను కూడా.

సార్ ప్లాస్టిక్ ముక్కని నేను పట్టించుకున్నది తిరుగు ప్రయాణంలో. జడ్చర్ల దాటాక బళ్లు మార్చుకున్నాం. దీన్ని పామ్ రెస్ట్ అంటారు, అసలు బ్రాండు క్రాంప్‌బస్టర్. గ్రిప్ మీద క్లిప్పులా కూర్చుంటుంది, వెనక అరచేతి కిందకి చిన్న రెక్క వస్తుంది. గ్రిప్ బిగించి పట్టుకోకుండా అరచేతి బరువుతోనే యాక్సిలరేటర్ నొక్కి ఉంచొచ్చు. చెయ్యి తీస్తే యాక్సిలరేటర్ మూసుకుపోతుంది. ఇక్కడే అది లాకులన్నిటినీ కొట్టేసింది. ఏదీ బిగించక్కర్లేదు, కోయక్కర్లేదు, కేబుల్ జోలికి వెళ్లక్కర్లేదు. శంషాబాద్ చేరేసరికి వేళ్లు నావిగానే ఉన్నాయి.

దానికీ ఒక రోగం ఉంది. యూ టర్న్‌లో, ట్రాఫిక్‌లో, బండి తోసేటప్పుడు అరచెయ్యి తెలియకుండా రెక్క మీద పడితే బండి ముందుకి దూకుతుంది. ఆరాంఘర్ దగ్గర నేనున్న బండి ముందున్న ఆటోకి ఇంచు దూరంలో ఆగింది. అందుకని ఊళ్లోకి రాగానే రెక్కని కిందకి తిప్పేయాలి, లేదా తీసి జేబులో వేసుకోవాలి. తగిలించేటప్పుడు మీరు మామూలుగా వెళ్లే వేగంలో రెక్క నేలకి సమాంతరంగా ఉండేలా చూసుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు చూసి పెడితే, వేగంలో మణికట్టు ఇంకా వంగుతుంది.

ఊరికి వచ్చాక పుత్లీబౌలీకి మళ్లీ వెళ్లాను. రింగు కౌంటర్ మీద పెట్టాను. "తెరిచిన మాల్ వాపస్ లేదన్నా." కోసిన గ్రిప్ చూపించాను. "అది మీరే అడిగిన్రు." ఫోన్‌పే రసీదు తీసి, బిల్లు ఇవ్వని సంగతితో సహా కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేస్తానని నంబర్ నొక్కుతుంటే, అప్పుడు ఓనర్‌కి నేను అన్ననని గుర్తొచ్చింది. కూల్‌డ్రింక్ తెప్పించాడు, మొబైల్ హోల్డర్ ఇస్తానన్నాడు. వద్దంటే చివరికి 900 వెనక్కి పంపాడు. ఫిట్టింగ్ 300 పోయినట్టే. కొత్త గ్రిప్ జత ఇంకో 420, అది వేరే చోట వేయించుకున్నాను.

పామ్ రెస్ట్ నేనూ తెప్పించుకున్నాను. సార్ కొన్నప్పుడు 180, ఇప్పుడు అదే ఆన్‌లైన్‌లో 229 పెట్టారు. క్లిప్పు రకమే తీసుకోండి, వెల్‌క్రో పట్టీ రకం చెమటకి జారుతుంది. గ్రిప్ మీద అదనంగా స్పాంజి తొడుగు ఉంటే ఏ రకమూ కూర్చోదు.