రైలు కట్ట పక్క పొలానికి సోలార్ ఝట్కా కంచె: ఏం చేస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది

రైల్వే హద్దుకు ఆనుకుని పొలమో, పాడి కొట్టమో, గొర్రెల దొడ్డో ఉన్నవాళ్లు పశువులు పట్టాల మీదికి పోకుండా ఆపడానికి తమ డబ్బుతో కొనగలిగిన వాటిలో సోలార్ ఝట్కా కిట్టే మేలు. ఎండతో నడిచే చిన్న మిషన్ కంచె తీగలోకి ఆగి ఆగి కరెంటు వదులుతుంది, తగిలిన పశువు దెబ్బకు వెనక్కి తగ్గుతుంది. దీనికి ఒక షరతు ఉంది. ఎర్తింగ్, అంటే మిషన్‌ను నేలలో పాతిన ఇనుప రాడ్లకు కలపడం, కుదరకపోతే ఎంత ఖరీదైన మిషన్ అయినా ఉత్త తీగే. "ఝట్కా కొట్టడం లేదు" అంటే మిషన్ పోయిందనుకుని షాపుకు మోసుకెళ్తారు కానీ, తప్పు ఎక్కువగా ఎర్తు రాడ్ల దగ్గరో, కింది తీగకు తగిలే గడ్డి దగ్గరో, గేటు కింద పాతిన వైరు దగ్గరో ఉంటుంది. అందుకే ఈ సమీక్షలో మిషన్ కంటే ఆ మూడింటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

పశువు పట్టాల మీదికి ఊరికే రాదు. ఎండాకాలం చేలన్నీ బీడుపడ్డా కట్ట వాలులో గరిక మిగిలి ఉంటుంది. కట్ట పోయడానికి మట్టి తవ్విన గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. వానాకాలంలో పట్టాల కిందినుంచి పోయే దారి (అండర్‌పాస్) నీళ్లతో నిండితే మందను కట్ట ఎక్కించి దాటించడం తప్ప కాపరికి వేరే దారి ఉండదు. కాజీపేట, విజయవాడ, గూడూరు మీదుగా పోయే లైనులో 2022 సెప్టెంబరు నుంచి గరిష్ఠ వేగం గంటకు 130 కిలోమీటర్లు. అంటే సెకనుకు 36 మీటర్లు. గేదె తలెత్తి చూసేలోపు రైలు మీదికొస్తుంది. డ్రైవరు బ్రేకు వేసినా బండి ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు.

పోయేది పశువు ఒక్కటే కాదు. 1984 జులై 30న స్కాట్లండ్‌లోని పోల్‌మాంట్ దగ్గర ఎడిన్‌బరో నుంచి గ్లాస్గో వెళ్తున్న రైలు ఆవును గుద్ది పట్టాలు తప్పింది. 13 మంది చనిపోయారు. ఆ రైలుకు ఇంజను వెనక ఉంది, ముందు తేలికైన పెట్టె ఉంది. ఆవు లోపలికి వచ్చింది పాడైపోయిన కంచె సందులోంచి. మన దగ్గర 2022 సెప్టెంబరు 30న మొదలైన ముంబై, గాంధీనగర్ వందే భారత్ వారం తిరక్కుండానే, అక్టోబరు 6న, గేదెల్ని గుద్దింది, ముందు మూతి పగిలింది. మర్నాడు ఆణంద్ దగ్గర ఆవును, అదే నెల 29న అతుల్ స్టేషన్ దగ్గర ఇంకో పశువును గుద్దింది.

ఆ తర్వాత పశ్చిమ రైల్వే ముంబై, అహ్మదాబాద్ మధ్య వేయించినది డబ్ల్యూ బీమ్ కంచె. హైవే అంచున కార్లు పక్కకు దొర్లకుండా పెట్టే ముడతల ఇనుప పట్టీ అదే. 622 కిలోమీటర్లకు 245.26 కోట్ల రూపాయలు, అంటే మీటరుకు దాదాపు 3,900. ఇది రైల్వే వేయాల్సిన కంచె, రైతు కొనేది కాదు. అయినా మీ ఊరి పక్కన ఇది వస్తే దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపదో తెలిసి ఉండాలి. ఎత్తు మీటరున్నర. పట్టీ వెడల్పు 312 మిల్లీమీటర్లు, అలాంటివి రెండు. రెండూ కలిపితే 624. మిగతా 880 మిల్లీమీటర్ల దాకా ఖాళీయే. పెద్ద గేదె, ఎద్దు ఎంత బలంగా తోసినా ఆగుతాయి. మేకలు, గొర్రెలు, దూడలు ఆ ఖాళీలోంచి దూరిపోతాయి. తల్లి ఇవతల, దూడ అవతల ఉండిపోతే ఆ తల్లి కంచె చివర దాకా పోయి చుట్టు తిరిగి పట్టాలెక్కుతుంది. కాబట్టి ఈ కంచె ఉంది కదా అని గొర్రెల మందను వదిలేయొద్దు. ఊళ్లోవాళ్లు కాలిబాట కోసం బోల్టులు విప్పిన చోటు కనిపిస్తే స్టేషన్ మాస్టరుకు చెప్పండి. ఆ ఒక్క సందు ఉంటే కిలోమీటరు కంచె దండగ.

ఇక అసలు సరుకు, ఝట్కా కిట్టు. రైలు వైపు 400 మీటర్ల పొడవున ఆవులకు, గేదెలకు మూడు తీగలు లాగే లెక్క చూద్దాం. తీగ 1,200 మీటర్లు. 2.5 మిల్లీమీటర్ల హైటెన్సైల్ జీఐ తీగ (ఎంత బిగించినా సాగని, జింకు పూత ఉన్న ఇనుప తీగ) కిలోమీటరుకు 38 కిలోల పైన తూగుతుంది, ముడులకు, తరుగుకు కలిపి 50 కిలోలు తీసుకోండి. ఎనిమిది మీటర్లకొక రాతి స్తంభం చొప్పున 51 రాళ్లు, రాయికి మూడు చొప్పున 153 ఇన్సులేటర్లు (తీగలోని కరెంటు రాయిలోకి పోకుండా ఆపేవి), తీగ బిగించే చక్రాలు మూడు. రెండు చివర్ల రాళ్లకు ఏటవాలు ఊత తప్పనిసరి. ఊత లేకపోతే బిగువుకు రాయి ఒరిగి తీగ జారుతుంది, కొమ్ములున్న ఎద్దు దాన్ని ఎత్తేస్తుంది. తీగలు నేలనుంచి 45, 75, 105 సెంటీమీటర్లలో ఉంటే చాలు. గొర్రెలు, మేకలు ఉంటే మాత్రం 20 సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టి నాలుగైదు వరసలు లాగాలి. మేక తీగ మీంచి దూకడం కంటే కింద ముట్టె పెట్టి దూరడమే ఎక్కువ.

మిషన్ డబ్బా మీద "10 ఎకరాలు", "40 ఎకరాలు" అని రాస్తారు. దాన్ని పట్టించుకోవద్దు. అడగాల్సింది అవుట్‌పుట్ ఎన్ని జౌళ్లు అని, జౌలు అంటే ఒక్కో దెబ్బలో ఉండే శక్తికి కొలత. లోపల నిల్వ ఉండే జౌళ్ల అంకె పెద్దదిగా ఉంటుంది, బయటికి వచ్చేది అంతకంటే తక్కువ. పైన చెప్పిన కంచెకు అవుట్‌పుట్ ఒకటిన్నర నుంచి రెండు జౌళ్లు సరిపోతుంది. భద్రతా ప్రమాణం ప్రకారం 5 జౌళ్లు దాటకూడదు, దెబ్బకు దెబ్బకు మధ్య కనీసం ఒక సెకను ఉండాలి, ఒక్కో దెబ్బ సెకనులో వందో వంతుకు మించకూడదు. ఆ విరామంలోనే పశువైనా మనిషైనా వెనక్కి లాక్కోగలుగుతారు. ఇంటి కరెంటును నేరుగా తీగకు తగిలించడం అందుకే ఘోరం. అందులో విరామం ఉండదు. పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోతుంది, ప్రాణం పోయేదాకా వదలదు. అడవి పందుల కోసం పెట్టిన అలాంటి తీగలకు పక్క పొలం రైతులు బలైన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. రాత్రి పట్టాలు చూసుకుంటూ నడిచే రైల్వే గస్తీ మనిషి కూడా ఆ చీకట్లోనే ఉంటాడు. ఎవరు చెప్పినా ఆ పని చేయొద్దు.

బ్యాటరీ విషయంలో చౌక కిట్లు మోసం చేస్తాయి. సగటున పావు ఆంపియర్ తీసుకునే మిషన్ రోజుకు 6 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత) తింటుంది. కొన్ని కిట్లలో ఇచ్చే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ముసురు పట్టిన రెండో రోజుకే చచ్చిపోతుంది. పశువులు కట్టెక్కేది కూడా ఆ ముసురు రోజుల్లోనే. మూడు రోజులు ఎండ లేకపోయినా నిలవాలంటే 18 కావాలి, లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకూడదు కాబట్టి 40 ఆంపియర్ అవర్ల పైన ఉన్నది తీసుకోండి. ప్యానెల్ 40 వాట్లు పెట్టండి. మంచి ఎండలో రెండు ఆంపియర్లు ఇస్తుంది, ఐదు గంటలకు పది. దక్షిణానికి కాస్త వాల్చి, చెట్టు నీడ పడని చోట బిగించాలి.

ఇప్పుడు ఎర్తింగ్. దెబ్బ తగలాలంటే కరెంటు తీగలోంచి పశువు ఒంట్లోకి, గిట్టల్లోంచి నేలలోకి, నేలలోంచి ఎర్తు రాడ్డుకు, అక్కణ్నుంచి మిషన్‌కు తిరిగి రావాలి. ఈ చుట్టు ఎక్కడ తెగినా దెబ్బ ఉండదు. కిట్టుతో వచ్చే జానెడు రాడ్డు ఒకటి దేనికీ చాలదు. ఒకటిన్నర, రెండు మీటర్ల పొడవున్న జీఐ రాడ్లు కనీసం మూడు, ఒక్కోటి మూడు మీటర్ల దూరంలో పాతి, ఒకే తీగతో క్లాంపులు బిగించి కలపాలి. ఇంటి ఎర్తింగ్‌కు, బోరు మోటారు ఎర్తింగ్‌కు పది మీటర్లు ఎడం ఉండాలి.

సరిపోయిందో లేదో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మిషన్‌కు వంద మీటర్ల అవతల తీగకు ఇనుప గడ్డపార ఆనించి నేలలో గుచ్చండి. కంచె వోల్టేజీ కొలిచే టెస్టరులో అది 2,000 వోల్టుల కిందికి దిగకపోతే ఇంకో గడ్డపార ఆనించండి. ఇవి ఆనించేటప్పుడు మిషన్ ఆపి, తర్వాత మళ్లీ వేయండి. అలా దిగిన తర్వాత మిషన్ దగ్గరికొచ్చి చివరి ఎర్తు రాడ్డుకు, మీటరు దూరంలో నేలలో గుచ్చిన ఇనుప పుల్లకు మధ్య వోల్టేజీ చూడండి. 300 వోల్టులు దాటితే రాడ్లు చాలలేదన్నమాట, ఇంకోటి పాతండి. ఈ పరీక్ష వానాకాలంలో చేస్తే అన్నీ పాసవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ చేయాలి. ఎర్ర చల్క నేల ఎండితే కరెంటు పారదు. నల్లరేగడి నెర్రెలిచ్చి రాడ్డు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది, చేత్తో కదిపితే రాడ్డు ఊగుతుంది. రాడ్ల మొదట్లో నీళ్లు పోయడం ఆ రోజుకు సరిపోతుంది. శాశ్వతంగా కావాలంటే మధ్య తీగను కరెంటు తీగల నుంచి విడదీసి ఎర్తుకు కలిపేయండి. అప్పుడు పశువు ఒళ్లు కరెంటు తీగకు, ఎర్తు తీగకు ఒకేసారి తగిలితే నేల ఎంత ఎండినా దెబ్బ పడుతుంది.

గేటు దగ్గర జరిగే తప్పు ఒకటుంది. తీగను గేటు కిందినుంచి దాటించడానికి ఇంటి వైరు వాడతారు. ఆ వైరు 1,100 వోల్టుల గ్రేడు. కంచెలో పారేది 5,000 నుంచి 8,000. మొదటి వారం బాగానే ఉంటుంది, వాన పడగానే వైరు తొడుగులోంచి నేలలోకి కారిపోతుంది. రాత్రి నిశ్శబ్దంలో గేటు దగ్గర చెవి పెడితే నేలలోంచి టక్, టక్ అని సెకనుకొకసారి వినిపిస్తుంది. ఝట్కా కంచె కోసమే చేసిన రెండు పొరల కేబుల్ అడిగి కొనండి, దాన్ని ప్లాస్టిక్ పైపులో దూర్చి అడుగు లోతున పాతండి. గడ్డి కూడా అంతే. తొలకరి పడ్డాక పదిహేను రోజులకే వయ్యారిభామ, తుంగ కింది తీగను అందుకుంటాయి. కంచె చివర కనీసం 4,000 వోల్టులు చూపించాలి. గేదెల చర్మం మందం, బురదలో పొర్లి వచ్చి ఆరిన గేదెకు ఇంకా మందం, వాటికి ఇంతకంటే తగ్గితే పనిచేయదు.

రైలు పక్కన ఉన్నందుకు వచ్చే జాగ్రత్తలు మాత్రం షాపువాళ్లు చెప్పరు. కంచె మీ పట్టా భూమిలోనే ఉండాలి, హద్దు రాయికి కనీసం ఐదు మీటర్లు లోపలికి. బెదిరి తెంచుకున్న పశువు తమాయించుకోవడానికి, మీరు అడ్డుపడడానికి ఆ ఖాళీ కావాలి. హద్దు రాళ్లకు, కరెంటు స్తంభాలకు, పట్టాలకు దేనికీ తీగ కట్టొద్దు, వాటికి ఎర్తు కలపొద్దు. రైల్వే పైతీగల్లో 25,000 వోల్టులు పారుతుంటాయి. వాటికి సమాంతరంగా పొడవైన తీగ లాగితే మిషన్ ఆపేసినా అందులో వోల్టేజీ పుట్టొచ్చు. కాబట్టి తీగ బాగుచేసే ముందు మిషన్ ఆపి, తీగను ఎర్తు రాడ్డుకు కలిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. పైతీగల దరిదాపుల్లో కంచె ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. పసుపు రంగు హెచ్చరిక బోర్డులు, కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నవి, కాలిబాటల దగ్గర తప్పకుండా కట్టాలి.

కొత్త పశువును నేరుగా ఈ కంచె దగ్గరికి తోలొద్దు. దెబ్బ తెలియని పశువు మొదటిసారి తగలగానే వెనక్కి కాదు, ముందుకు దూకుతుంది. ముందున్నది రైలు కట్ట. కొట్టం దగ్గర గట్టి గోడ ముందు రెండు తీగలు కట్టి, తీగకు కాస్త బెల్లం పూసిన రేకు ముక్క వేలాడదీసి రెండు రోజులు ఉంచండి. తడి ముట్టెకు ఒకసారి తగిలితే చాలు, మళ్లీ దగ్గరికి రాదు.

లెవెల్ క్రాసింగుల దగ్గర పట్టాల పక్కన పరిచే పశువుల జాలీ వేరే రకం. గుంత మీద గుండ్రటి పైపులు నాలుగు అంగుళాల ఎడంతో పరుస్తారు, కాలు జారుతుందని పశువు అడుగు వేయదు. బ్రిటన్‌లో ఇనుముకు బదులు ముక్కోణపు చెక్క దూలాలు వాడతారు. ఆలోచన మంచిదే కానీ గుంతలో మట్టి నిండితే అది మామూలు దారే. ఎనిమిది అడుగుల కంటే తక్కువ వెడల్పుంటే ఎద్దు దూకేస్తుంది. మేకలు పైపుల మీద నడిచిపోతాయి. పూడిక తీసేవాళ్లు లేని చోట ఇది వద్దు.

దొంగమేత మరిగిన పశువుకు మెడలో గుదికర్ర కట్టడం, ముందు కాళ్లకు బంధం వేయడం మన ఊళ్లలో పాత పద్ధతి. పంట చేల దగ్గర అది పనిచేస్తుంది. రైలు దగ్గర అస్సలు వద్దు. కర్ర పట్టాకూ స్లీపరుకూ మధ్య ఇరుక్కుంటే, లేదా బంధంతో కుంటుతూ పట్టా దాటలేకపోతే, తప్పించుకోగలిగిన పశువును మనమే చంపినట్టు. మెడలో గంట మేలు, ఎటు పోయిందో చెబుతుంది.

హద్దు వెంట గచ్చ పొదో, వాక చెట్లో ఇప్పుడే నాటితే మూడేళ్లకు చిక్కబడతాయి, అప్పటికి ఝట్కాకు అవి తోడు. కందకం తవ్వాలనుకుంటే కట్ట పాదం దగ్గర గడ్డపార కూడా పెట్టొద్దు, కట్ట జారుతుంది.

కిట్టు బిగించేవాడికి చివరి సొమ్ము ఇచ్చేముందు కంచె చివరి రాయి దగ్గర టెస్టరు పెట్టించి అంకె చూడండి, గడ్డపార పరీక్ష మీ కళ్లముందే చేయించండి. టెస్టరును అతను తిరిగి పట్టుకుపోకుండా కిట్టుతో పాటే బిల్లులో రాయించుకోండి.