‘ఎన్‌క్రిప్షన్’ అని అమ్మి, ఫోల్డరును దాచిపెట్టి ఊరుకున్నారు: ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ కొనేవారికి హెచ్చరిక

కంప్యూటరులోని ఫైళ్లకు తాళం వేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొనాలనుకుంటున్న వారు, కొనే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. నేను కర్నూలులో దస్తావేజు లేఖరిగా పనిచేస్తున్నాను. అటువంటి సాఫ్ట్‌వేర్ ఒకటి పన్నుతో కలిపి 2,360 రూపాయలకు కొని, 14 నెలల పాటు నా దగ్గరకు వచ్చిన వారందరి కాగితాలనూ దానికి అప్పగించాను. ఆ 14 నెలల్లో ఒక్క ఫైలుకు కూడా నిజమైన రక్షణ లేదని ఈ మధ్యనే తెలిసింది.

మా వృత్తిలో ఈ ఫైళ్లు ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు, మా నాన్నగారు ఏళ్ల తరబడి బీరువాల్లో దాచిన నకళ్లన్నీ బురదలో ముద్దయ్యాయి. ఎండబెట్టి విడదీయబోతే చేతిలోనే చిరిగిపోయాయి. అప్పటి నుంచి ప్రతి దస్తావేజునూ స్కాన్ చేసి హార్డ్ డిస్కులో ఉంచడం మాకు అలవాటైంది. ఒక్కొక్క ఫోల్డరులో క్రయపత్రం, అమ్మినవారివి, కొన్నవారివి, సాక్షులవి ఆధార్ నకళ్లు, పాన్ కార్డులు, కొన్నిటిలో బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, వీటికి తోడు ఫోటోలూ వేలిముద్రలూ ఉండే 32ఏ ఫారం ఉంటాయి. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలకు నకిలీలు తయారుచేసి, ఆధార్‌తో డబ్బు చెల్లించే యంత్రం మీద వాటిని ఒత్తి, ఇతరుల ఖాతాల్లోంచి సొమ్ము తీసిన ముఠాలను తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్న సంగతి పత్రికల్లో వచ్చినదే. ఆ వార్తలు చదివిన తరువాతనే, నా డిస్కు పొరపాటున ఇంకొకరి చేతికి పోతే ఏమవుతుందన్న భయం నాకు పట్టుకుంది.

ఊళ్లోని ఒక కంప్యూటరు దుకాణంలో అడిగితే ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అట్ట మీద ‘256 బిట్ ఎన్‌క్రిప్షన్’ అనీ, ‘సైన్యం వాడే స్థాయి భద్రత’ అనీ పెద్ద అక్షరాలతో ఉంది. ఇన్‌స్టాల్ చేయగానే ఒక ఫోల్డరు ఏర్పడింది, తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది, తప్పు కొడితే ఎర్ర అక్షరాలతో హెచ్చరించింది. పైకి చూస్తే అనుమానించడానికి ఏమీ లేదు.

మొన్న ఎండాకాలంలో ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. బాగుచేసే దుకాణానికి తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు డిస్కు బయటికి తీసి తన కంప్యూటరుకు తగిలించి, సాయంత్రానికల్లా ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి నా చేతిలో పెట్టాడు. పోయాయనుకున్నవి తిరిగి వచ్చాయన్న సంతోషంలో ఇంటికి వచ్చి తెరిచాను. తాళం వేసిన ఫోల్డరు కూడా ఉంది. దస్తావేజులన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. ఆ కుర్రవాడికి ఫోన్ చేసి, పాస్‌వర్డ్ లేకుండా వీటినెలా తీశావని అడిగాను. “పాస్‌వర్డా? యాడా అడగల్యా సార్, అన్నీ మామూలు ఫైళ్ల మాదిరే వచ్చినాయి” అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు, నిజాయతీగా తన పని తాను చేశాడు. కానీ ఆ ఒక్క పూట, నన్ను నమ్మి వేలిముద్ర వేసిన వందల మంది వివరాలు ఏ అడ్డూ లేకుండా ఆ దుకాణం కంప్యూటరులో ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు, కంప్యూటర్లు తెలిసిన మా మేనల్లుడి చేత పరీక్ష చేయించాను. అతను వేరే ల్యాప్‌టాప్‌లో అదే సాఫ్ట్‌వేర్ పెట్టి, తాళం వేసిన ఫోల్డరులో ఒక మామూలు ఉత్తరం ఉంచి, తరువాత లినక్స్ (విండోస్‌కు బదులుగా కంప్యూటరును నడిపే ఇంకొక వ్యవస్థ) ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆ ల్యాప్‌టాప్‌ను ఆన్ చేశాడు. ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా కనబడింది. ఈ సాఫ్ట్‌వేర్ చేస్తున్నది ఇంతే: విండోస్‌లో ఫోల్డరును కనబడకుండా చేయడం, తాను నడుస్తున్నంత సేపు దానిని తెరవనివ్వకుండా అడ్డు నిలబడటం. అది నడవని చోట, అంటే డిస్కును ఇంకొక కంప్యూటరుకు తగిలించినప్పుడు, అడ్డు నిలబడేవారే ఉండరు. నిజమైన ఎన్‌క్రిప్షన్‌లో డిస్కు మీద రాసే ప్రతి అక్షరమూ పాస్‌వర్డ్ మీద ఆధారపడిన ఒక రహస్య సంఖ్యతో కలిసి, అర్థం లేని అంకెలుగా మారి నిలుస్తుంది కనుక, డిస్కును ఎక్కడికి తీసుకువెళ్లినా ఆ సంఖ్య లేనిదే చదవడం కుదరదు. ఒకటి గది తలుపుకు కర్టెను వేయడం, రెండవది గదిలోని కాగితాల మీది రాతనే మార్చడం.

కంపెనీకి ఫోన్ చేస్తే, మీ విండోస్ పనిచేస్తున్నంత కాలం రక్షణ ఉంటుందని సమాధానమిచ్చారు. ల్యాప్‌టాప్ దొంగ మన విండోస్‌ను అడిగి ఫైళ్లు తీసుకోడని వారికి తెలియదనుకోను. పాస్‌వర్డ్ మరిచిపోతే తామే మార్చి ఇస్తామని కూడా వారు ఒక సౌకర్యంగా చెప్పారు. మనం మరిచిన పాస్‌వర్డ్‌ను అమ్మినవారు మార్చి ఫైళ్లు తెరవగలిగితే, తాళంచెవి వారి దగ్గర కూడా ఉందనో, అసలు తాళమే లేదనో అనుమానించాలని నాకు అప్పుడు తట్టింది. కొనేటప్పుడే ఈ మాట అడిగి ఉంటే నాకు ఈ నష్టం వచ్చేది కాదు.

ఈ అనుభవం తరువాత, ఎన్‌క్రిప్షన్ అనేదంతా ఇంతేనా అన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. తెలుసుకున్న కొద్దీ అర్థమైనది ఏమిటంటే, ఎన్‌క్రిప్షన్ వెనకనున్న లెక్క గట్టిదే, దానిని అమర్చే చేతుల్లోనే తేడా వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని బెల్జియంకు చెందిన యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించగా, అమెరికా ప్రమాణాల సంస్థ 2001లో దానిని ప్రమాణంగా ప్రకటించింది. ఆ పద్ధతిని దాచిపెట్టలేదు, ప్రపంచమంతటికీ చూపించారు. అయినా సరైన పద్ధతిలో వాడితే దానిని ఛేదించే దారి ఇప్పటికీ దొరకలేదు. బ్రెజిల్‌లో డేనియల్ డాంటస్ అనే బ్యాంకరు డిస్కులను 2008లో అక్కడి పోలీసులు స్వాధీనం చేసుకుంటే, వారి నిపుణులు నెలల తరబడి ప్రయత్నించి, చివరికి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి పంపినా, అక్కడ కూడా ఏడాది పాటు కష్టపడి తెరవలేకపోయారు.

అదే ఏఈఎస్ పేరు చెప్పుకుని అమ్మిన వస్తువుల సంగతి వేరు. చిన్న ఎలక్ట్రానిక్ బిళ్లను దగ్గర పెడితే తెరుచుకునే కొన్ని హార్డ్ డిస్కు పెట్టెలను 2008లో జర్మనీలోని కంప్యూటరు పత్రికల సంస్థ హైజె విప్పి చూస్తే, ప్రకటనలో ఏఈఎస్ అని ఉన్నా, లోపల ఫైళ్లకు వాడింది మాత్రం మళ్లీ మళ్లీ అదే అంకెల వరుసను కలిపే అతి సులువైన పద్ధతి అని తేలింది. 2010లో అదే దేశానికి చెందిన, కంప్యూటరు భద్రతను పరీక్షించే ఎస్‌వైఎస్‌ఎస్ సంస్థ, శాన్‌డిస్క్, కింగ్‌స్టన్, వెర్బాటిమ్ పేర్లతో వచ్చిన కొన్ని ఖరీదైన పెన్‌డ్రైవ్‌లలో ఇంకొక లోపం బయటపెట్టింది. వాటిలో ఏఈఎస్ నిజంగానే ఉంది. కానీ పాస్‌వర్డ్ సరైనదా కాదా అని చూసేది కంప్యూటరులోని ప్రోగ్రాము, సరైనదైతే అది పెన్‌డ్రైవ్‌కు పంపే సంకేతం ఎవరి పాస్‌వర్డ్‌కైనా ఒక్కటే. ఆ సంకేతాన్ని నేరుగా పంపితే పాస్‌వర్డ్‌తో పనిలేకుండా తెరుచుకునేది. ఆ పెన్‌డ్రైవ్‌లకు అమెరికా ప్రభుత్వ ధృవీకరణ ఉండటం నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పేరున్న కంపెనీల ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో పనిచేసే) డిస్కులు కొన్నిటిలో, డిస్కు తనంతట తాను చేసే ఎన్‌క్రిప్షన్‌ను దాటవచ్చునని చూపారు. విండోస్‌తోనే వచ్చే ఎన్‌క్రిప్షన్ సౌకర్యం బిట్‌లాకర్ అప్పట్లో అటువంటి డిస్కు మాటనే నమ్మి ఊరుకునేది. ఆ తరువాత, 2019లో, మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చి ఎన్‌క్రిప్షన్‌ను బిట్‌లాకరే చేసేలా పెట్టింది.

కనుక అట్ట మీది పేరు చూసి కాదు, లోపలి పనిని బయటివారు విప్పి చూశారా లేదా అన్నది చూసి కొనాలి. ఈ విషయంలో ట్రూక్రిప్ట్ అనే ఉచిత ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ కథ తెలుసుకోదగినది. 2004లో వచ్చిన దానిని లక్షల మంది వాడారు, రాసినవారెవరో ఎవరికీ తెలియదు. 2014 మే 28న ఇది ఇక సురక్షితం కాదంటూ ఒక ప్రకటన పెట్టి దానిని ఆపివేశారు. కానీ రాసిన కోడ్ అందరి ముందూ ఉండటం వల్ల, మాథ్యూ గ్రీన్ వంటి ఎన్‌క్రిప్షన్ నిపుణుల చొరవతో దానికి విడిగా తనిఖీ జరిగి, కావాలని పెట్టిన దొంగదారులేవీ కనబడలేదని 2015లో తేలింది. దాని కోడ్ ఆధారంగా 2013లోనే మొదలైన వెరాక్రిప్ట్‌ను 2016లో తనిఖీ చేసినప్పుడు 8 తీవ్రమైన లోపాలు దొరికాయి. ఆ నివేదికను దాచకుండా ప్రచురించారు, వాటిలో చాలావరకు వెంటనే సరిదిద్దారు. లోపాలు దొరికిన సాఫ్ట్‌వేర్‌ను ఎలా నమ్ముతావని ఒక మిత్రుడు అడిగాడు. లోపం దొరికి సరిదిద్దిన దానినే నేను నమ్ముతాను. ఎవరూ చూడని దానిలో లోపాలు లేవని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

కొన్నవారు సొంతంగా చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది. అవసరం లేని పెన్‌డ్రైవ్‌లో తాళం వేసిన ఫోల్డరు పెట్టి, అందులో ఒకే వాక్యాన్ని వందల సార్లు రాసిన నోట్‌ప్యాడ్ ఫైలు ఉంచి, ఆ సాఫ్ట్‌వేర్ లేని వేరే కంప్యూటరులో, వీలైతే లినక్స్‌లో, తెరిచి చూడాలి. ఫైలు పేరుగానీ ఆ వాక్యంగానీ కనబడితే ఆ సాఫ్ట్‌వేర్‌ను అక్కడితో వదిలివేయాలి. కనబడకపోయినంత మాత్రాన అది గట్టిదని రుజువు కాదు, నాసిరకాన్ని ఏరివేయడానికి మాత్రమే ఈ పరీక్ష పనికివస్తుంది. నిజంగా ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కును కొత్త కంప్యూటరుకు తగిలిస్తే, ఇది ఫార్మాట్ చేయాల్సిన డిస్కు అని విండోస్ అడగవచ్చు. అప్పుడు ఒప్పుకుంటే ఉన్నదంతా పోతుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నేను కార్యాలయపు ల్యాప్‌టాప్‌కు బిట్‌లాకర్, బయటి డిస్కుకు వెరాక్రిప్ట్ వాడుతున్నాను. బిట్‌లాకర్ పూర్తి సౌకర్యాలతో విండోస్ ప్రో వంటి రకాల్లోనే వస్తుంది, హోమ్ రకంలో ల్యాప్‌టాప్‌ను బట్టి దాని చిన్న రూపం మాత్రమే ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు, వాడిన స్థలాన్ని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేయాలా, మొత్తం డిస్కునా అని అడుగుతుంది. పాత డిస్కు అయితే మొత్తమే ఎంచుకోవాలి, లేకపోతే ఇదివరకు తొలగించిన ఫైళ్ల ఆనవాళ్లు ఖాళీ స్థలంలో అలాగే మిగిలిపోతాయి. ల్యాప్‌టాప్‌ను నిద్రావస్థలో వదలకుండా పూర్తిగా ఆఫ్ చేయడం కూడా అవసరం. తెరిచి ఉన్న డిస్కు తాళంచెవి కంప్యూటరు జ్ఞాపకంలోనే ఉంటుంది, కరెంటు తీసిన కొద్దిసేపటి వరకూ దానిని అక్కడి నుంచి లాగవచ్చునని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు 2008లో చేసి చూపారు.

దీనికి ఇంకొక వైపు కూడా ఉంది. అనంతపురంలోని మా చిన్నాన్న కొడుకు బిట్‌లాకర్ పెట్టుకుని, మామూలు దారిలో డిస్కు తెరుచుకోనప్పుడు అడిగే 48 అంకెల రికవరీ కీని ఎక్కడా భద్రపరచలేదు. ల్యాప్‌టాప్ బాగుచేయించిన తరువాత అది ఆ కీ అడిగింది. పిల్లల చిన్ననాటి ఫోటోలు సహా అంతా పోయింది, తెరవగలవారు ఎవరూ లేరు. నేను ఆ అంకెలను రెండు కాగితాల మీద అచ్చు వేయించి, ఒకటి బ్యాంకు లాకరులో, ఒకటి మా అక్కయ్య ఇంట్లో ఉంచాను. మైక్రోసాఫ్ట్ ఖాతాలో కూడా దాచుకోవచ్చు గానీ, అప్పుడు ఆ ఖాతా చేజిక్కినవారికి డిస్కు కూడా చేజిక్కినట్లే.

అమ్మిన కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను, అది విచారణలో ఉంది. నాలాగా మోసపోయినవారు బిల్లు, అట్ట, ప్రకటన ఫోటో దాచి ఉంచుకోవాలి. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల లోపల వెళ్లాలి, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు.

ఆ 14 నెలల్లో నా దగ్గర రాయించుకున్న ప్రతి కుటుంబానికీ జరిగింది దాచకుండా చెప్పి, ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం ఉందని వివరించి, అడిగినవారికి నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. కర్నూలులోని వారిలో చాలామందిని కలవడం అయింది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు వారు ఇంకా మిగిలి ఉన్నారు, ఫోన్లు ఎత్తని వారి ఇళ్లకు ఈ ఆదివారం వెళుతున్నాను.