పద్దెనిమిదేళ్లుగా వాడుతున్న నా ఖరీదైన డీవీడీ ప్లేయర్

ఈ ప్లేయర్ 2006 మొదట్లో మా ఇంటికొచ్చింది. అదే ఏడాది బ్లూ-రే కూడా మార్కెట్లోకి దిగింది. డీవీడీ కోసం అంత డబ్బు పోసిన కొన్ని నెలలకే డీవీడీని మించినది వచ్చేసిందన్నమాట. ఆ కడుపుమంట చల్లారడానికి చాలా రోజులు పట్టింది. కంపెనీ పేరు, మోడల్ నంబరు చెప్పను. దాని జబ్బులు కూడా రాయబోతున్నాను, పైగా అది ఇప్పుడు కొత్తగా దొరకదు. ఆ కాలపు పై తరగతి ప్లేయర్లన్నీ ఇంచుమించు ఒకే అచ్చు: దళసరి అల్యూమినియం ముఖం, బొమ్మకూ శబ్దానికీ వేరువేరు బోర్డులు, హెచ్‌డీఎంఐ, 1080పి అప్‌స్కేలింగ్ (డీవీడీ బొమ్మను పెద్ద తెరకు సరిపడా సాగదీయడం), డీవీడీ-ఆడియో, సూపర్ ఆడియో సీడీ (ఈ రెండూ మామూలు సీడీని మించిన శబ్దం కోసం వచ్చిన డిస్కులు).

తెచ్చిన రోజు మా బావమరిది అట్టపెట్టెలోంచి ఎత్తబోయి, "ఏంటి బావా, లోపల ఇటుకలు పేర్చారా?" అన్నాడు. ఎనిమిది కిలోల పైమాటే. వాళ్లింట్లో చవక ప్లేయర్‌ని ఒంటిచేత్తో తీసి పక్కన పెట్టేవాడు మరి. ఆ రాత్రే అతని ప్లేయరూ నాదీ పక్కపక్కన పెట్టి ఒకే డిస్కును మార్చి మార్చి చూశాం. నిజం చెప్పాలంటే మొదటి అరగంట నాకేమీ తేడా కనపడలేదు. డబ్బు పెట్టినవాణ్ని కాబట్టి కనపడినట్టు తలూపాను. తేడా ఎక్కడుందో తెలియడానికి ఏడాది పట్టింది. అదీ అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో రాసిన విషయంలో కాదు.

పెద్దక్షరాల్లో రాసింది 1080పి గురించి. డీవీడీలో బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 480 (యూరప్, ఇండియాల టీవీ పద్ధతి అయిన 'పాల్' డిస్కయితే 576). 1080పి తెరకు కావలసినవి ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు, 480 డిస్కులో ఉన్నదానికి సరిగ్గా ఆరు రెట్లు. ప్రతి ఆరు చుక్కల్లో అయిదు యంత్రం ఊహించి నింపినవే. అప్పట్లో మా టీవీకి ఈ ఊహించే పని సరిగా వచ్చేది కాదు. ప్లేయర్ ఆ పని చేసి పంపితే ముఖాలు నున్నగా, అక్షరాలు గట్టిగా కనిపించేవి. ఓ అయిదారేళ్లు ఆ సుఖం అనుభవించాను. తర్వాత 4కె టీవీ వచ్చింది. దాని చుక్కలు డిస్కులో ఉన్నదానికి ఇరవై నాలుగు రెట్లు. ప్లేయర్ ముందు 1080కి సాగదీసి, టీవీ దాన్ని మళ్లీ సాగదీస్తే రెండుసార్లు ఉతికిన బట్టలా అయింది బొమ్మ. జుట్టు అంచుల చుట్టూ తెల్లటి గీత. ప్లేయర్‌ని 480పికి మార్చి, సాగదీసే పని మొత్తం టీవీకి వదిలేశాను. ఆ గీత పోయింది. ఏ అంకె చూసి కొన్నానో దాన్నే ఆపేసుకుని వాడుతున్నానన్నమాట.

మరి డబ్బు ఎక్కడికి పోయినట్టు? ఒక వంతు గీతలు కలపడంలోకి పోయింది. ఇది కొంచెం ఓపిగ్గా చెప్పాలి. డీవీడీ నుంచి మామూలుగా వచ్చే బొమ్మ ఒక్క ముక్కగా రాదు. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి, ఫీల్డులుగా విడివిడిగా వస్తుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 480 గీతల డిస్కుల వెనకున్న ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ పద్ధతికి సెకనుకు 60 ఫీల్డులు కావాలి. అందుకని ఒక ఫ్రేము నుంచి మూడు, తర్వాతి దాన్నుంచి రెండు, మళ్లీ మూడు, మళ్లీ రెండు, ఇలా సర్దుతారు. ఆ సర్దుబాటును విప్పి, ఏ సగానికి ఏ సగం జోడో పట్టుకుని తిరిగి అతికించాలి ప్లేయర్. జోడీ తప్పితే కదిలే వస్తువు అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి.

నా పరీక్ష ఎప్పుడూ ఒకటే సీను. పొడవాటి ఇనుప గేటు, కెమెరా మెల్లగా కుడివైపుకు జరుగుతుంది. బావమరిది ప్లేయర్లో ఆ కమ్మీల మీద చీమలు పాకినట్టు ఉంటుంది. నా దాంట్లో కమ్మీ కమ్మీలాగే ఉంటుంది. కారణం తర్వాత తెలిసింది. ఇక్కడ సినిమా ఉంది, ఇక్కడ వీడియో ఉంది అని డిస్కులోనే గుర్తులు ఉంటాయి. చవక ప్లేయర్లు చాలావరకు ఆ గుర్తుల్నే నమ్ముతాయి. డిస్కు తయారుచేసినవాళ్లు గుర్తులు అడ్డదిడ్డంగా పెడితే అంతే సంగతులు. నాది గుర్తుల్ని పక్కనపెట్టి బొమ్మనే చూసి నిర్ణయించుకుంటుంది. ఎప్పుడూ గెలుస్తుందని కాదు. సినిమా మీదుగా పేర్లు పైకి పాకే చోట అర సెకను తికమకపడి అక్షరాలను వణికిస్తుంది. అయినా పాత సినిమాలు, ఎవరూ పెద్దగా శ్రద్ధ పెట్టకుండా వదిలిన డిస్కులు చూసేవాళ్లకు 1080పి కంటే ఇదే ముఖ్యం.

ఎరుపు రంగు సంగతి కూడా. దీనికి ముందు వాడిన ప్లేయర్లో కారు బ్రేక్ లైట్ల అంచులు మెట్లు మెట్లుగా కనిపించేవి. సినిమాయే అలా తీశారనుకునేవాణ్ని. 2000 ప్రాంతంలో వచ్చిన చాలా ప్లేయర్లకు ఉన్న జబ్బే అది, రంగును విప్పే చిప్పులో పొరపాటు. ఇందులో అది లేదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. మొదటి రెండేళ్లు చీకటి సీన్లన్నీ బూడిదరంగులో చూశాను. నలుపు నలుపుగా లేదేంటని డిస్కుల్ని తిట్టుకున్నాను, టీవీని తిట్టుకున్నాను. హెచ్‌డీఎంఐ మెనూలో నలుపు స్థాయికి రెండు ఆప్షన్లు ఉన్నాయి. ఒకటి నలుపును 16 దగ్గర మొదలుపెడుతుంది, రెండోది 0 దగ్గర. ప్లేయర్లో ఒకటీ టీవీలో ఒకటీ పెట్టి ఉంచాను. రెండూ ఒకేలా మార్చిన రోజు, అంతకుముందు పదిసార్లు చూసిన సీనులో గోడ పక్కన మనిషి నిలబడి ఉన్నాడని మొదటిసారి స్పష్టంగా కనిపించింది. కొత్తగా ఏది బిగించినా ముందు ఇది చూసుకోండి, మిగతావి తర్వాత.

ఇంత ఖరీదైన ప్లేయరూ సరిచేయని తప్పు ఒకటుంది, దాన్ని పట్టుకున్నది మా ఆవిడ. పాట వస్తుంటే వంటింట్లోంచే, "ఏవండీ, ఈ పాట శ్రుతి పెరిగిందేంటి?" అంది. నేను కొట్టిపారేశాను. సీడీ తీసి వినిపిస్తే ఆవిడే కరెక్టు. అది పాల్ డిస్కు. వాటిలో 24 ఫ్రేముల సినిమాను సెకనుకు 25 చొప్పున నడిపిస్తారు. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాల ముందే అయిపోతుంది. శబ్దాన్ని విడిగా సర్దకపోతే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టులో మూడింట రెండొంతులకు పైగా ఎక్కుతుంది. ఒకసారి చెవిన పడ్డాక ఇక మర్చిపోవడం కష్టం. అలాంటి డిస్కు పెట్టినప్పుడల్లా మా ఆవిడ నావైపు ఒక చూపు చూస్తుంది.

శబ్దం దగ్గర రెండు మాటలు విడదీసి చెప్పాలి. సినిమా శబ్దాన్ని ఆప్టికల్ కేబుల్లోనో కోయాక్సియల్లోనో యాంప్‌కి (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్‌కి) పంపేవాళ్లకు ఈ ఖర్చు శుద్ధ దండగ. డిస్కులో డాల్బీ పద్ధతిలో అంకెలుగా రాసిన సినిమా శబ్దం ఏ ప్లేయర్ నుంచి వెళ్లినా అవే అంకెలు, వాటిని విప్పేది యాంప్. ఆ అంకెల్ని శబ్దంగా మార్చే ప్లేయర్ లోపలి కన్వర్టర్లకు పని పడేది వెనకున్న అనలాగ్ సాకెట్లు వాడినప్పుడే. నా ప్లేయర్ సూపర్ ఆడియో సీడీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ గుండా పంపదు. అయిదు స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కీ కలిపి ఆరు తీగలు గుచ్చాల్సిందే. ఆ ఆరు తీగల చిక్కును చూసి భయపడి మొదటి ఏడాది ఆ డిస్కులే కొనలేదు.

మామూలు సీడీలకు మాత్రం ఇది నా ఇంట్లో ఉన్న అన్నింటికంటే నయం. గొంతు స్పీకర్ల మధ్య ఒక చోట కుదురుగా నిలబడుతుంది. భ్రమేమో అనుకుని, దీనికీ ఓ చవక ప్లేయర్‌కీ సౌండ్ సమానంగా పెట్టి, నేను వెనక్కి తిరిగి కూర్చుని మా ఆవిడతో తీగలు మార్పించాను. పదింట్లో ఏడుసార్లు సరిగ్గా చెప్పాను. ఏడంటే గొప్పలు చెప్పుకునేంత లెక్కేమీ కాదు, మూడుసార్లు చవక ప్లేయర్నే మెచ్చుకున్నానని అర్థం.

డబ్బులో పెద్ద వాటా పోయింది డిస్కు తిప్పే యంత్రంలోకని ఇప్పుడు నమ్ముతున్నాను. గీతలు పడ్డ డిస్కుల్ని ఇది చదివే తీరు చూడాలి. డీవీడీలో ట్రాకుల మధ్య దూరం 0.74 మైక్రాన్లు. మధ్య నుంచి అంచుకు పోయే గీతను దాటడం సులువు, ఒక్కో చుట్టులో కొంచెమే అడ్డొస్తుంది. ట్రాకు వెంట గుండ్రంగా పడ్డ గీత మాత్రం చంపేస్తుంది. మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవమని చెప్పేది అందుకే. మిగతా ప్లేయర్లు బొమ్మ గడ్డకట్టించి నిలబడిపోయిన చోట ఇది ఓ క్షణం లోపల గరగరలాడి ముందుకు పోతుంది. మా పెళ్లి వీడియో డిస్కును ఇప్పటికీ ఒప్పుకునేది ఇదొక్కటే. ఆ డిస్కు మీద ఫొటోతో కాగితం అతికించారు. తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగి పెట్టె అంతా ఊగుతుంది. కాగితం అతికించిన డిస్కులు ఎవరైనా ఇస్తే ముందు కాపీ చేసుకోండి.

ఆరో ఏట ట్రే బయటికి రావడం మానేసింది. బటన్ నొక్కితే డిస్‌ప్లే మీద 'ఓపెన్' అని పడుతుంది, లోపల చిన్న మోటారు తిరిగిన చప్పుడు వస్తుంది, ట్రే కదలదు. ప్లగ్ పీకి, కాసేపు ఆగి, మూత విప్పాను. ట్రే కింద నల్లటి రబ్బరు బెల్టు, ఉంగరం కంటే కాస్త పెద్దది, లోపలి వైపు అద్దంలా నున్నబడి ఉంది. అంత పెద్ద యంత్రం ఆగిపోయింది దీనివల్లే. సబ్బునీళ్లతో కడిగి, కప్పీని స్పిరిట్ దూదితో తుడిచి పెడితే రెండు నెలలు నడిచింది. తర్వాత అదే కొలత బెల్టు వేశాను. అప్పటినుంచీ మళ్లీ ఆ పేచీ రాలేదు.

పదకొండో ఏట వచ్చింది అసలు దెబ్బ. మొదట ఇంట్లో రాసుకున్న డిస్కులు వద్దంది. తర్వాత సినిమాలు సగందాకా వచ్చి, రెండో పొరకు మారే చోట ఆగిపోవడం మొదలైంది (సినిమా డిస్కుల్లో చాలావాటికి ఒకదాని మీద ఒకటి రెండు పొరలుంటాయి). సీడీలు మాత్రం ఎప్పటిలాగే. అదే నాకు ఆధారం. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు, సీడీకి 780 నానోమీటర్లది వేరేది. మొదటిది నీరసించింది. సర్వీస్ సెంటర్లో మూత కూడా విప్పకుండానే "పార్టు రాదు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. ఓ పాత మెకానిక్ విప్పి చూసి నవ్వాడు. అదే లేజర్ యూనిట్ మామూలు ప్లేయర్లలో కూడా వేశారట. కొత్త యూనిట్ తెప్పించి, రిబ్బన్ తీగ గుచ్చి, దాని బోర్డు మీదున్న ఆవగింజంత సీసం చుక్కను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేశాడు. స్టాటిక్ కరెంటుకు లేజరు కాలిపోకుండా ఫ్యాక్టరీలో పెట్టే అడ్డుకట్ట అట. అది తీయకపోతే కొత్త లేజరు వెలగనే వెలగదు. చాలామంది ఇది తెలియక కొత్త పార్టే చెడిపోయిందనుకుని వెనక్కి పంపేస్తారని చెప్పాడు.

చిరాకులు లేకపోలేదు. డిస్కు పెట్టాక బొమ్మ రావడానికి దాదాపు అర నిమిషం. ప్రతి సినిమాలో పొర మారే చోట ఒక సెకను ఆగుతుంది, ఎప్పుడూ మంచి డైలాగు మధ్యలోనే ఆగినట్టు అనిపిస్తుంది. పాత టీవీ ఆకారంలో ఉన్న 4:3 సినిమాను 1080పిలో పంపితే మనుషుల్ని లావుగా సాగదీస్తుంది. ముందు డిస్‌ప్లే వెలుగు సగానికి తగ్గింది. రిమోట్ గురించి ఎక్కువ చెప్పను, పాజ్ బటన్ అరిగి బొటనవేలి గుంట పడింది.

ఇప్పుడు డీవీడీల కోసమే ఒక యంత్రం కావాలంటే మంచి బ్లూ-రే ప్లేయర్ కొనమంటాను. స్నేహితుడి దగ్గరున్న ఒప్పో ప్లేయర్ హెచ్‌డీఎంఐలో నా దాని కంటే మంచి బొమ్మ ఇస్తుంది. ఆ కంపెనీ 2018లో ప్లేయర్ల తయారీయే ఆపేసింది, అది వేరే బాధ. సీడీలు, సూపర్ ఆడియో సీడీలు ఎక్కువగా ఉన్నవాళ్లకు నాలాంటి పాతది సెకండ్‌హ్యాండ్‌లో చేతికందితే వదలొద్దంటాను. చూడ్డానికి వెళ్లేటప్పుడు మూడు డిస్కులు పట్టుకెళ్లండి: మామూలు సీడీ ఒకటి, రెండు పొరల సినిమా ఒకటి, ఇంట్లో రాసిన డీవీడీ ఒకటి. సినిమాను మొదటి పది నిమిషాలు చూసి సరేననకండి, పొర మారే చోటు దాటేదాకా కూర్చోండి. ట్రేను పదిసార్లు తెరిచి మూయించండి. మొదటి రెండుసార్లు ఏ ట్రే అయినా మర్యాదగానే వస్తుంది.