క్యూ పనికి ఏ లేత్ మేలు: చిన్నదా, పాత పెద్దదా?

పాలకొల్లులో క్యూ (పూల్, స్నూకర్ ఆడే కర్ర) రిపేర్లు మొదలుపెట్టిన తమ్ముడొకడు అడిగాడు: "అన్నయ్యా, కొత్త మినీ లేత్ తీసుకోనా, పాత పెద్ద లేత్ తీసుకోనా?" మోటారు, ధర తర్వాత చూద్దువుగాని, ముందు స్పిండిల్ బోరు, అంటే తిరిగే ఇరుసు మధ్యలో కర్ర దూరే రంధ్రం, కొలవమన్నాను.

పూల్ క్యూ రెండు ముక్కలుగా ఉంటుంది: ముందుది షాఫ్ట్, చేత్తో పట్టుకునే వెనకది బట్. షాఫ్ట్ మందం టిప్ (బంతికి తగిలే కొస) దగ్గర 12-13 మి.మీ., రెండూ కలిసే జాయింట్ దగ్గర సుమారు 21 మి.మీ. ఉంటుంది. బట్ అడుగున 32 మి.మీ. దాకా వస్తుంది. 7×14 (7 అంగుళాల వ్యాసం, 14 అంగుళాల పొడవు పట్టే) మినీ లేత్‌లకు సాధారణంగా బోరు 20 మి.మీ. టిప్, ఫెర్రూల్ (టిప్ కింద ఉండే తొడుగు) మార్చడానికి అది చాలు. షాఫ్ట్‌ని వెనక నుంచి దూరిస్తే సన్నటి కొస, కర్రను బిగించి పట్టే చక్‌లోంచి బయటికొస్తుంది, లావు భాగం వెనకే ఉండిపోతుంది. ఒకే ముక్కగా ఉన్న స్నూకర్ క్యూ అయితే వెనక మూడడుగుల పైనే వేలాడుతుంది. దానికి స్టాండు పెట్టకుండా మిషన్ ఆన్ చేయొద్దు. కర్ర కొరడాలా కొడుతుంది, పక్కనున్న మనిషికి దెబ్బ తగులుతుంది.

జాయింట్ పిన్ (రెండు ముక్కల్ని కలిపే మర) మార్చాలంటే మాత్రం మినీ లేత్‌తో కుదరదు. 21 మి.మీ. కర్ర 20 మి.మీ. బోరులో దూరదు. స్టెడీ రెస్ట్ (కర్రను బయట నుంచి ఆపే ఆధారం) పెడదామంటే 29 అంగుళాల బట్‌కి ఆ 14 అంగుళాల పొడవు చాలదు.

మంచం కోళ్లు తీసే చెక్క లేత్ గురించి కూడా అడిగాడు. ఉలి చేత్తో పట్టుకుని జాయింట్ రంధ్రం నిక్కచ్చిగా మధ్యలో వేయలేం. క్యూల కోసమే అమెరికాలో చేసే లేత్‌లు టేపర్ (పోనుపోను సన్నబడే వాలు) తీయడానికి చాలా బాగుంటాయి. కొత్త క్యూలు వరసగా చేసేవాళ్లకే అవి గిట్టుబాటు.

నా ఓటు రాజ్‌కోట్, బటాలాల్లో చేసిన పాత నాలుగున్నర అడుగుల లేత్‌కే. రైస్ మిల్లు షాఫ్టులు, చెరువుల ఏరేటర్ షాఫ్టులు తిప్పే మన షాపుల్లో ఉండేవి ఇలాంటివే, కాబట్టి రిపేరు తెలిసిన మేస్త్రి దగ్గర్లోనే దొరుకుతాడు. చక్ దవడలు చెక్కను నొక్కేయకుండా చీల్చిన నైలాన్ బుష్ వాడాలి. మన తేమకి బెడ్ తుప్పు పడుతుంది, రోజూ పని అయ్యాక నూనె రాయాల్సిందే.

నేను మొదటిసారి మోసపోయింది బోరు దగ్గరే. ముందు వైపు టేపర్ ఉండటంతో రంధ్రం పెద్దగా కనిపించింది, ఇంటికొచ్చి చూస్తే లోపల 28 మి.మీ.! బట్ సగంలో ఇరుక్కుంది. ఆ లేత్ వదిలించుకోడానికి ఏడాది పట్టింది.

ఈ శనివారం తమ్ముడితో తణుకులో ఒక లేత్ చూడ్డానికి వెళ్తున్నాను. 32 మి.మీ. పీవీసీ పైపు ముక్క సంచిలో పెట్టుకున్నాను. అది ఆ చివర నుంచి ఈ చివరకి వస్తేనే బేరం మొదలు.